మొర్రిపుట్టు స్విచ్చి

తహసీల్దారుగారి జీపుకి ఫాగ్ లైట్లు బిగించిన రోజు నుంచి మొర్రిపుట్టు అనే ఊరు డాష్‌బోర్డు మీద స్విచ్చి వేస్తే ఉంటోంది, తీసేస్తే ఉండటం లేదు. దీనికి నోళ్లు వెళ్లబెట్టాల్సిన పనేమీ లేదు. ఆ కొండ మలుపులో పొగమంచు అంత దట్టం, చేసిన పని అంత గట్టిది.

చేసినవాడు కిల్లో బలన్న. మండల కేంద్రంలో అతనికి ఆటో ఎలక్ట్రికల్ షాపుంది. స్విచ్చి కాలిపోకుండా కాసే రిలే లేకుండా లైటు బిగించడం అతని ఇంటా వంటా లేదు. రెండు పసుపు లైట్లకీ విడిగా ఫ్యూజు పెట్టాడు. వైర్లు గొట్టంలో దూర్చి ఎక్కడా వేలాడకుండా కట్టాడు. స్విచ్చికి కరెంటు తాళం లైను నుంచి తీశాడు. బండి తాళం తీస్తే లైట్లు వాటంతటవే ఆరిపోతాయి, బ్యాటరీ దిగదు. పని తెలిసినవాడెవడైనా అలాగే చేస్తాడు. చిక్కల్లా, బలన్న భార్య చిలకమ్మ మొర్రిపుట్టులో అంగన్‌వాడీ టీచరు. ఊరితో పాటు ఆమె కూడా తాళం లైను మీద పడింది.

మొర్రిపుట్టు ప్రతి సోమవారం పదకొండు నుంచి పదకొండున్నర వరకు ఉండునని ఆఫీసు గోడకి కాగితం అంటించారు. ఆ అరగంటకి జీపు వెనకే మందుల పెట్టెతో నర్సమ్మ, బియ్యం బండి వస్తాయి. జిల్లా మీటింగులో తహసీల్దారుగారికి శాలువా కప్పారు. ఊరు వారానికి అరగంటే ఉండటంతో పిల్లల బరువు ఆర్నెల్లుగా వీసమెత్తు పెరగలేదు. చిలకమ్మ అదే రిజిస్టరులో రాసింది. పాత రిజిస్టరుకీ దీనికీ తేడా ఏమీ లేదని పై అధికారి సంతకం పెట్టేశాడు.

బలన్నకి మాత్రం పెళ్లాం కావాలి. పనితనం చూసి మురిసిపోతూనే దిగులుతో చిక్కిపోయాడు. తహసీల్దారుగారి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"బాబూ, లైను బేటరీకి డైరెక్టుగా ఇచ్చెస్తాను. తాళం తీసినా ఊరు ఉంటాది."

"బ్యాటరీ దిగిపోతే నేను ఇంటికెలా వెళ్లాలయ్యా?" అన్నారాయన.

ఆ మాటా నిజమే. అయినా మరుసటి సోమవారం బలన్న జీపు వెంట తనూ మలుపుకి వెళ్లి, లైట్లు వెలిగి పావుగంట దాటాక బానెట్ ఎత్తి కటింగ్ ప్లేయరు తీశాడు. పది నిమిషాల పని. ఇంతలో చిలకమ్మ పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏటి సేస్తున్నావు? నీకేటైనా మతి పోనాదా?"

"నిన్ను వారమంతా ఉంచుదామని."

"వారమంతా ఉన్నప్పుడు నర్సమ్మ ఎప్పుడైనా వచ్చినాదా? పోలమ్మ పురిటికి డోలీ కట్టి మోసినాం, దారిలోనే పోనాది. ఇప్పుడు సూడు, ఆఫీసరు గడియారం సూసుకోని మరీ వస్తన్నాడు. ఊరంతా నీ పేరే సెప్పుకుంటంది. నా మొగుడి పని అని నానెంత గొప్పగా…"

పదకొండున్నర కాగానే తహసీల్దారుగారు తాళం తీశారు. బలన్న చేతిలో ప్లేయరు మిగిలింది. ఏడుపొచ్చింది, గర్వంగానూ ఉంది. బానెట్ మూసేశాడు.

మర్నాడు షాపు తెరిచేసరికి పదిమంది సర్పంచులు అర్జీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. తమ ఊళ్లకీ ఒక్కో స్విచ్చి పెట్టాలట.

"మీ ఊళ్లు ఉన్నాయి గదేటి?" అన్నాడు బలన్న.

"ఉన్నాయని మాకే గదా తెలుసు," అన్నాడు ముందున్న ముసలి సర్పంచి.

బలన్న జీపుని షాపు ముందు పెట్టించాడు. డాష్‌బోర్డుకి వరసగా పది కన్నాలు వేశాడు. ఏ స్విచ్చి ఏ ఊరిదో తెల్ల పెయింటుతో రాశాడు. అన్నిటినీ తాళం లైనుకే కలిపి, ఒక్క వైరు కూడా పైకి కనబడకుండా సర్దాడు. పని చూసినవాళ్లంతా ఔరా అన్నారు.

శుక్రవారం సాయంత్రం తహసీల్దారుగారు తాళం తీసి జేబులో వేసుకుని ఇంటికి వెళ్లారు. మండలంలో ఒక్క అర్జీ కూడా పెండింగు లేదు.