వైరు లేని నాబ్

ఏ దేశంలోనైనా పరిపాలన సజావుగా సాగుతున్నదంటే దానికి కారణం రాజ్యాంగమూ కాదు, పోలీసులూ కాదు. ఎక్కడో ఒకచోట జనం తృప్తిగా నొక్కుకోవడానికీ తిప్పుకోవడానికీ అమర్చిన, దేనికీ తగిలించని ఒక మీట. లిఫ్టులో తలుపు మూసే బటన్, గోడ మీద ఫిర్యాదుల పెట్టె, 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం' అనే ఆడగొంతు, ఇవన్నీ ఆ జాతివే. బిలాస్‌పూర్ పౌరులకు ఈ సౌకర్యం ఇన్నాళ్ళూ ఆఫీసుకొకటి చొప్పున అందుతూనే ఉంది. సంగీతరంగానికి దాన్ని విస్తరించిన ఘనత మాత్రం ఆ ఊళ్ళోని సర్కండా పేటలో రికార్డింగ్ స్టూడియో నడిపే గిరిబాబుది.

ఆ నెలలో గిరిబాబుకు ఊపిరి సలపలేదు. నెలాఖరున ఊళ్ళో బ్యాండ్ల మేళా. పాట ముందే ఇంటర్నెట్‌లో పెట్టినవాళ్ళకే స్టేజీ. అంతే, ఉన్నాయని తమకే తెలియని బ్యాండ్లు కూడా బయటికొచ్చాయి. సదర్ బజార్ చీరల దుకాణాల కుర్రాళ్ళది ఒకటి. బిల్హా నుంచి లోకల్ ట్రైన్లో డ్రమ్ములు నెత్తిన పెట్టుకుని దిగేవాళ్ళది ఇంకొకటి. రైల్వే కాలనీ తెలుగు పిల్లలు పెట్టిన 'లూప్ లైన్' మరొకటి. భాషలు వేరు, రాగాలు వేరు, బాధ మాత్రం ఒక్కటే. పాట పూర్తయ్యాక ఒక్కొక్కరూ ఏదో మర్చిపోయామన్న వంకతో ఒంటరిగా వెనక్కొచ్చి, నాది కొంచెం పెంచమని బతిమాలేవారు. గిటారు పెంచితే డ్రమ్ము అలిగేది. డ్రమ్ము పెంచితే బేసు అన్నం మానేసేది. అందరిదీ పెంచితే పాట మళ్ళీ మొదటికే వచ్చేది. దాంతోపాటు పక్కింటివాళ్ళూ వచ్చేవారు.

ఈ దశలో రంగప్రవేశం చేసినవాడు గిరిబాబు బాబాయి తిరుమలరావు. ఒక పెద్ద ఆఫీసులో (పేరు అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి) ఫిర్యాదుల సీట్లో కూర్చుని, ఒక్క సమస్యా తీర్చకుండా, ఒక్కరినీ నొప్పించకుండా రిటైరైన మహానుభావుడు. అబ్బాయికి టిఫిన్ పట్టుకొచ్చి, కాసేపు ఈ భాగోతమంతా చూశాడు.

"ఏట్రా గిరీ, ఆళ్ళకి కావలసింది సౌండనుకున్నావేటి? సున్‌వాయీ రా. మీటొకటెట్టు, ఎవుడి చేత్తో ఆడ్ని తిప్పుకోనీ," అన్నాడు.

సున్‌వాయీ అంటే మొర ఆలకించడం. మొర తీర్చడం వేరే డిపార్టుమెంటు.

మర్నాడే గిరిబాబు పాత ఆంప్లిఫయర్ నుంచి బొద్దుగా ఉన్న నల్లటి నాబ్ ఒకటి ఊడదీసి మిక్సింగ్ బల్లకు బిగించాడు. పక్కన ఎర్రదీపం పెట్టాడు. దీపానికి వైరుంది. నాబ్‌కు లేదు.

ఫలితాలు నివ్వెరపరిచాయి. లూప్ లైన్ గిటారిస్టు మనీష్ దాన్ని బియ్యపుగింజంత తిప్పి, కళ్ళు మూసుకుని, "హాఁ, అబ్ ఆయా" (ఇప్పుడొచ్చింది) అన్నాడు. బిల్హా డ్రమ్మర్ చివరిదాకా తిప్పేసి, చెవులు పగిలిపోతున్నాయి, కాస్త తగ్గించమని వేడుకున్నాడు. సదర్ బజార్ కీబోర్డు కుర్రాడి తల్లి స్వయంగా వచ్చి, కొడుకు తరఫున తిప్పి, ఇన్నాళ్ళకు మావాడి వాయింపు విన్నానని కొంగుతో కళ్ళొత్తుకుంది. (కీబోర్డు అప్పటికింకా రికార్డు చెయ్యలేదు.)

వ్యవస్థ అన్నాక నియమాలుండాలి. తిరుమలరావు గౌరవ నాబ్ అధికారిగా తనను తానే నియమించుకున్నాడు. తిప్పేముందు చేతులు కడుక్కోవాలన్నాడు. ఒకరు తిప్పేటప్పుడు ఇంకొకరు చూడకూడదన్నాడు. తాను తిప్పినదాన్ని వేరొకరు తిరగదిప్పేశారని అనుమానం వస్తే అప్పీలు చేసుకోవచ్చన్నాడు. అప్పీళ్ళు పెరిగిపోయి, కింద ఇంకో చిన్న నాబ్ బిగించవలసివచ్చింది. (దానికి దీపం కూడా లేదు. పైస్థాయి అంటే అంతే మరి.) గిరిబాబు వేళకు అన్నం తింటున్నాడు. మనసులో మాత్రం దిగులు పట్టుకుంది, ఇంత ఊళ్ళో సరిగ్గా వినే చెవి ఒక్కటీ లేదా అని.

ఒకటుంది. లూప్ లైన్‌లో పాడే ప్రత్యూషది. పాట కూడా ఆ పిల్లే రాసింది, మామ్మ అచ్చియమ్మ మాటలన్నీ పోగేసి, తెలుగు అక్షరాలు రాక హిందీ అక్షరాల్లో. మొదటి కాపీని ఫోన్లో వినిపిస్తే ఆ మామ్మ అంతా విని, "బాగుందే అమ్మా. నువ్వేటి, పాడనేదా?" అందట. తప్పు మామ్మది కాదు. మనీష్ గిటారు కింద ఆ గొంతు నిజంగానే అణిగిపోయింది. గిరిబాబుకు ఆ సంగతి తెలుసు. ఆ నెలకు స్పీకర్లు మనీష్ అరువిచ్చినవి కాబట్టి తెలియనట్టు ఊరుకున్నాడు.

ప్రత్యూష నాబ్ తిప్పింది. హెడ్‌ఫోన్ సర్దుకుని మళ్ళీ తిప్పింది.

"గిరి మావయ్యా, ఇది తిరుగుతోంది గానీ ఏమీ మారట్లేదు," అంది.

గిరిబాబుకు ఆ పిల్లకు దండం పెట్టాలనిపించింది. సిగ్గు కూడా వేసింది. ఈలోగా మాట తిరుమలరావు చెవిన పడి ఫిర్యాదైపోయింది. నాబ్ మీదే ఫిర్యాదు. వెంటనే బ్యాండు మొత్తాన్ని పిలిపించి విచారణ మొదలుపెట్టాడు. అందరికీ మారిన పాట ఈ అమ్మాయికి మాత్రం ఎందుకు మారలేదన్నది చర్చనీయాంశం. మామ్మకు తన మాటలు వినపడితే చాలు, ఇంకేమీ వద్దని ప్రత్యూష తల దించుకుని చెబుతోంది. గిరిబాబు ఇక ఉండబట్టలేక, ఆ నాబ్‌కు వైరే లేదని బయటపెట్టేశాడు.

ఎవరూ నమ్మలేదు. అయితే నేను విన్నది అబద్ధమా అని మనీష్ నొచ్చుకున్నాడు. గిరిబాబు బల్లను ఎత్తి అడుగుభాగం చూపించాడు. బేసు వాయించే రాజేంద్ర ఫోన్ లైటు వేసి, వంగి, అటూ ఇటూ పరిశీలించి, భక్తిగా లేచాడు.

"అచ్ఛా. వైర్‌లెస్," అన్నాడు.

నెలంతా హెడ్‌ఫోన్లు తగిలించుకుని గిరిబాబు అలిసిపోయాడని, ఇలాంటప్పుడు చెవులు మోసం చేస్తాయని తిరుమలరావు తీర్పిచ్చాడు. దయతలచి ప్రత్యూషకు మరొక్క అవకాశం మంజూరు చేశాడు. ఫోన్లో అచ్చియమ్మను కూడా లైనులోకి తీసుకున్నారు.

ఆ పిల్ల నాబ్ మీద చెయ్యి వేసింది. అందరి కళ్ళూ ఎర్రదీపం మీదే ఉన్నాయి. ఎవరూ చూడని బల్ల చివర, గొంతును నిజంగా పెంచే అసలు మీటను గిరిబాబు ఎడంచేత్తో మెల్లగా పైకి జరిపాడు.

గొంతు బయటికొచ్చింది. మాట మాటా విడివిడిగా వినబడింది. తన గిటారు ఇంకా మెరుగుపడిందని మనీష్ సంతోషించాడు. అవతల అచ్చియమ్మ "ఇవి నా మాటలే కదే," అంటూ తానూ పాట అందుకుంది. ప్రత్యూష నవ్వుతూనే ఏడ్చేసింది. గిరిబాబుకు కడుపు నిండిపోయింది. ఆ నెల మొత్తంలో అతను చేసిన అసలు పని అదొక్కటే.

అందరూ వెళ్ళాక ప్రత్యూష వెనకే ఆగిపోయింది. నాబ్‌ను వేలితో తాకి కళ్ళకద్దుకుని, గిరిబాబు వైపు జాలిగా చూసింది.

"ఇంత బాగా పనిచేసేదాన్ని పట్టుకుని వైరు లేదంటారేంటి మావయ్యా? ఒకసారి చెవులు చూపించుకోండి, ప్లీజ్."

సోమవారానికి చెవుల డాక్టరు దగ్గర గిరిబాబుకు టోకెన్ దొరికింది.