మూడు దగ్గుల న్యాయశాస్త్రం

ముందుగా దగ్గు వినిపించేది. కొంతసేపటికి చెప్పుల చప్పుడు, ఆ వెనుక నల్లకోటు, అన్నిటికన్నా చివర వకీలు గోకులకృష్ణన్ గారు. తమిళనాట కోవిల్‌పట్టి కోర్టు ఆవరణలో ఆ దగ్గు ఎరుగనివారు లేరు. అది జబ్బు కాదు, జూనియరును పిలిచే పద్ధతి.

న్యాయవాది కావడానికి ఏమేమి చదవాలో తెలియని పాఠకుల కోసం కొంత వివరణ అవసరం. మొదట ఒక డిగ్రీ కావాలి. తర్వాత మధురైలో మూడేళ్లు లా కాలేజీ. అక్కడ రాజ్యాంగం, ఒప్పందాలు, నేరాలు, సాక్ష్యాలు నేర్పుతారు. అటుపిమ్మట మద్రాసు వెళ్లి, ఎండాకాలమైనా సరే నల్లకోటు తొడుక్కుని, ప్రమాణం చేసి, పేరు నమోదు చేయించుకోవాలి. ఆ పేరును ఎవరైనా గట్టిగా చదివేది ఆ ఒక్కరోజే. అసలు విద్య ఆ మర్నాడు, సీనియరు గారి గుమ్మంలో మొదలవుతుంది.

1997లో గోకులకృష్ణన్ గారి దగ్గర చేరిన జూనియరు అగ్గిపెట్టెల ఇంటి పిల్ల. తల్లి మాయక్కాళ్ ఒక అగ్గిపుల్లల పరిశ్రమలో చట్రాలలో పుల్లలు పేర్చేది. పిల్ల పెట్టెలకు లేబుళ్లు అంటిస్తూ పదో తరగతి గట్టెక్కింది. ఇంట్లో తెలుగు (నొక్కి చెప్పాలంటే మాట చివర తమిళపు 'దా' తగిలించే తెలుగు), వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చిన ఆ పిల్లకు సీనియరు గారు మొదటిరోజే నాలుగో భాష నేర్పారు.

"పాపా, కాలేజీలో చదివిందంతా మర్చిపో. అది పరీక్షకు దా. ఇక్కడ వినేది నేర్చుకో."

ఒక దగ్గు దగ్గితే కేసు కట్ట అందించాలి. రెండు దగ్గితే మంచినీళ్లు. మూడు దగ్గితే లేచి నిలబడి, "మా సీనియరు విరుదునగర్ కోర్టులో వాదిస్తున్నారు, వాయిదా ఇప్పించ ప్రార్థన" అనాలి. విరుదునగర్ కోర్టులోనైతే ఊరి పేరు మార్చి, కోవిల్‌పట్టి అనాలి. ఈ రెండు ఊళ్ల నడుమ దూరం సుమారు యాభై కిలోమీటర్లు. న్యాయం ఆ రోడ్డు మీదే ఎక్కడో బస్సులో ఉన్నట్లు అందరూ నమ్మేవారు.

ఆ మాట అంటున్నప్పుడు సీనియరు గారు తరచుగా ముందు వరుసలోనే కూర్చుని ఉండేవారు. ఇందులో వింత ఏమీ లేదు. కోర్టు దృష్టిలో ఆయన విరుదునగర్‌లో ఉన్నారు. కంటికి కనిపించినంత మాత్రాన మనిషి ఉన్నట్లు రుజువు కాదు కదా!

ఆరేళ్లు గడిచాయి. జూనియరు ప్రతి కట్టనూ చేత్తో నకలు రాసి, ప్రతి కేసునూ కంఠస్థం చేసింది. నోటితో మాత్రం ఆ ఒక్క వాక్యమే చెప్పింది. న్యాయవాదుల సంఘం వార్షికోత్సవంలో గోకులకృష్ణన్ గారు ఈ విషయం సగర్వంగా ప్రస్తావించారు. "నేటి యువతకు ఓపిక కరువైంది. మా జూనియరును చూడండి! ఆరు సంవత్సరాలలో ఒక్కసారైనా వాదించలేదు. శిక్షణ అంటే ఇదీ!" చప్పట్లు మారుమోగాయి. శాలువా సీనియరు గారికి కప్పారు.

ఇంట్లో మాయక్కాళ్‌కూ గర్వమే.

"పాపా, ఈపొద్దు కోర్ట్లో ఏం మాట్లాడితివి?"

"నిన్న మాట్లాడిందే దామ్మా."

"పరవాలే. తప్పు లేకుండా మాట్లాడితివి గదా?"

గర్వించనిది ఒక్క పాపమ్మాళ్, సీనియరు గారి కక్షిదారు. ఎట్టయాపురం పక్క పల్లెలో ఆ విధవరాలికి నాలుగెకరాల నల్లరేగడి ఉంది. మొగుడు పోయేముందు ఆ నేలను తనకే వీలునామా రాశాడని మరిది చెల్లసామి దావా వేశాడు. అది నెగ్గితే ఆమెకు నిలబడే చోటు లేదు. వాయిదా వాయిదాకూ బస్సెక్కి వచ్చి, కోర్టు మెట్ల మీద జూనియరును పట్టుకునేది.

"వకీలుపిల్లా, ఈసారన్నా నోరు తెరుస్తావా? తెరిచి మళ్లా తేదీ దా అడిగి వాంగుతావంటే, తెరవనే వద్దు."

2003లో కొత్త జడ్జి వచ్చారు. ఆయనకు స్థానిక ఆచారాలు తెలియవు. వీలునామా మీద సాక్షి సంతకం చేసిన పొన్నయ్యను ఈరోజే ప్రశ్నించాలని, లేకపోతే ఆ హక్కు ముగిసినట్లేనని ప్రకటించారు. గోకులకృష్ణన్ గారు కట్ట వైపు చూశారు. దాని ముడి ఆరేళ్లుగా ఆయన విప్పలేదు. మూడు దగ్గులు దగ్గారు.

జూనియరు లేచింది. నోరు దానంతటదే తెరుచుకుంది. "మా సీనియరు విరుదునగర్..."

వెనక బెంచీలో పాపమ్మాళ్ కొంగుతో కళ్లు మూసుకుంది. జూనియరు అది చూసింది.

"...నుంచి వచ్చేశారు. సాక్షిని నేను ప్రశ్నిస్తాను."

మూడు దగ్గులు మళ్లీ వినిపించాయి. తర్వాత నాలుగు. నాలుగు పాఠ్యక్రమంలో లేవు.

"పొన్నయ్యా, వీలునామాను రిజిస్టరు ఎందుకు చేయించలేదు?"

"నాలుగు నాళ్లుగా ఒకటే వాన. ఊరు దాటలేకపోతిమి. పొలంలో మోటారు రూములోనే రాసి చేవ్రాలు పెట్టితిమి."

"మోటారు రూముకు ఎట్లా పోయినారు?"

"సైకిల్లో. కరిసల్ రేగడికి అడ్డంగా."

"తొక్కుకుంటూనా, మోసుకుంటూనా?"

"తొక్కుకుంటూ దా."

హాలులో కూర్చున్న రైతులందరూ ఒక్కసారిగా నవ్వారు. నాలుగు రోజుల వాన తాగిన రేగడిలో సైకిలు కాదు కదా, చెప్పులు కూడా ముందుకు సాగవు. చక్రం నిండా బంక పట్టి బిగుసుకుపోతుంది. పొన్నయ్య పట్నం మనిషి. వాది చెల్లసామి మాత్రం రైతే కనుక, తాను ఎవరి పక్షమో ఒక్క క్షణం మరిచి నుదురు కొట్టుకున్నాడు.

జడ్జిగారు కలం దించారు. "ప్రశ్నించిన న్యాయవాది పేరు రాసుకోండి."

టైపిస్టు వేళ్లు మీటల మీద ఆగాయి. "పేరు?"

గోకులకృష్ణన్ గారు హుందాగా లేచారు. "మా జూనియరు."

"అది పేరు కాదు."

సీనియరు గారు దగ్గారు.

"దగ్గు టైపు చెయ్యడానికి మీట లేదయ్యా," అన్నాడు టైపిస్టు.

"మా వకీలుపిల్ల దా, సామీ!" అని పాపమ్మాళ్ వెనకనుంచి సాయపడింది. ఆరేళ్లుగా ఆ పిల్లను రోజూ చూస్తున్న తోటి న్యాయవాదులు తలలెత్తి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టసాగారు.

వారిని నిందించడం న్యాయం కాదు. వకీలు పేరు, వాది పేరు, దొంగసాక్షి పేరు అడక్కుండానే తెలుసుకుంటూ ఇంతదూరం వచ్చిన పాఠకులారా, ఆ పిల్ల పేరేమిటని మీరు మాత్రం అడిగారా?

జూనియరు గొంతు సవరించుకుంది. ఒక్క దగ్గు. వృత్తిలో చిరకాల అభ్యాసం వల్ల గోకులకృష్ణన్ గారు చటుక్కున వంగి, కేసు కట్ట తీసి ఆమెకు అందించారు.

ఆమె కట్ట అందుకుని, టైపిస్టు వైపు తిరిగి, హాలు చివరిదాకా వినిపించేలా చెప్పింది.

"ఇసక్కిసెల్వి."