ఎర్రదీపం శుభం, పచ్చదీపం మహాశుభం

ఏ రంగు దీపం వెలిగినా నది నీళ్ళు తాగదగినవేనని మా షిలాన్ పట్టణ పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇంతటి సౌకర్యం చుట్టుపక్కల ఏ ఊరికీ లేదు.

ఇదంతా వెంట్రుకంత సన్నని గాజుతీగ మహిమ. జీ అనే ఇంజినీరమ్మ దాన్ని నదిలోకి దించింది. తీగ లోపల వెలుతురు పారుతుంది. నీళ్ళలో సీసమో కాడ్మియమో తగిలితే ఆ వెలుతురు మారి, పంపుహౌసు నెత్తిన ఎర్రదీపం వెలుగుతుంది. నీళ్ళు మంచివైతే ఆకుపచ్చ.

ప్రారంభోత్సవం నాడు ఆకుపచ్చ వెలిగింది.

"పంపుహౌసుకి ఆకుపచ్చ టోపీ పెట్టారర్రా! పెళ్ళాం ఎవడితో పోయిందో!" అని చేపల ఫంగ్ అరిచాడు. మా వైపు ఆకుపచ్చ టోపీ అంటే పెళ్ళాం మోసం చేసిన మొగుడి గుర్తు. జనం విరగబడి నవ్వారు.

పాలకవర్గ కార్యదర్శి ఓయాంగ్ గారి ముఖం మాడిపోయింది. "ఏమ్మా, పెళ్ళికి ఎరుపు, పండక్కి ఎరుపు, మన దేశంలో షేర్లు పెరిగినా ఎరుపే. మంచినీళ్ళకి ఆకుపచ్చా? రంగులు మార్చు!"

"మారిస్తే విషానికి ఆకుపచ్చ వెలుగుతుందండీ."

"వెలగనీ. విషానికి ఆ అవమానం జరగాల్సిందే!"

మార్చారు. ఎర్రదీపం కింద టపాకాయలు పేలాయి. కొన్నాళ్ళకు ఎగువనున్న లోహాల కర్మాగారం వ్యర్థాల తూము తెరిచింది. ఆకుపచ్చ వెలిగింది. ఆ పూటే రాష్ట్ర పర్యావరణ తనిఖీ బృందం వచ్చింది. ఆకుపచ్చను చూసి పరవశించి, మా నదికి 'హరిత నది' బిరుదు ప్రదానం చేసింది. విందులో చేప మాత్రం వద్దంది.

బిరుదు వచ్చిన రంగును ఇక చెడ్డదనడం ఎలా?

"పోనీ, విషానికి తెల్లదీపం పెడదామండీ" అంది జీ.

"తెలుపా? చావు రంగు! ఈ ఊళ్ళో ఎవరు చచ్చారని?" అని గద్దించారు ఓయాంగ్ గారు.

సభలో ఎవరూ పేరు చెప్పలేదు; రెండు రంగులూ శుభమేనన్న తీర్మానం అప్పుడే నెగ్గింది. చూ అవ్వ పెద్ద మనవడు ఆ వసంతంలోనే మూత్రపిండాలు చెడి చనిపోయాడు. నా తరగతి పిల్లవాడే.

నిన్న ఆ అవ్వ బకెట్టుతో రేవులో నిలబడింది. చిన్న మనవడికి గంజి కాయాలి. నీళ్ళ డబ్బా కొనే స్తోమత లేదు. పైన ఆకుపచ్చ దేదీప్యమానంగా వెలుగుతోంది.

"మాస్టారూ, దీని అర్థమేమిటో నాకు బోధపడదు. తాగొచ్చా, కూడదా? మీరంతా చదువుకున్నోళ్ళు, ఒక్కమాట చెప్పండయ్యా!"

రేవు పక్క దుకాణం ముందు నీళ్ళ డబ్బాల కోసం వరసకట్టిన మేమంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. బిరుదు ఊరందరిదీ కదా.

"శుభమే అవ్వా!" అన్నాం ఒక్క గొంతుతో, వరసలో చోటు పోకుండా.

అవ్వ బకెట్టు ముంచింది.