గ్రహణం పూట ఉప్మా

చంద్రగ్రహణం నాటి ఉదయం విఠల్‌రావు స్వహస్తాలతో ఉప్మా వండాడు. కళాశాలలో తర్కశాస్త్రం బోధించి రిటైరైన ఆయనకు అంతకుముందు పొయ్యి వెలిగించిన అనుభవం లేదు. అయినా ఆ పని భార్యకు అప్పగించలేదు. అప్పగించినా ఆమె చేసేది కాదు. అది ఆకలి కోసం వండిన ఉప్మా కాదు, సిద్ధాంతం కోసం వండిన ఉప్మా. ఆ సాయంత్రం చంద్రుడు గ్రహణంతోనే ఉదయించబోతున్నాడు. ఆ వేళ పాతబస్తీ గౌలిపురలోని తన మేడ మీద, గల్లీ అంతా చూస్తుండగా, ఒక పళ్లెం ఉప్మా తినాలని ఆయన పథకం. మొక్కుబడిగా కాక ఆకలితో తినాలని పొద్దుటి ఫలహారం కూడా మానేశాడు.

భార్య రంగనాయకి అర్చకుల ఇంటి ఆడపడుచు. ఆమె పథకం వేరు. దర్భల కట్ట విప్పి, నోరున్న ప్రతి పాత్రలోనూ ఒక్కొక్క దర్భ వేస్తూ ఇల్లంతా తిరిగింది. ఆవకాయ జాడీ, మంచినీళ్ల బిందె, ఫ్రిజ్‌లోని పెరుగు గిన్నె అయ్యాయి. ఉప్మా గిన్నె దగ్గర ఒక్క క్షణం ఆగి, అందులోనూ ఒకటి వేసింది.

"నా ఉప్మాల ఎందుకేస్తున్నవ్?"

"గిన్నెకు నోరుంది గదండీ. మీ నోటి సంగతి మీరు చూస్కోండ్రి, గిన్నె నోటి సంగతి నేను చూస్కుంట."

ఇంతలో ఆమె తమ్ముడు గోవింద్ వచ్చాడు. గల్లీ చివరి గుడిలో అర్చకుడు. గ్రహణం కాబట్టి పొద్దున్నే గుడికి తాళం వేశాడు. తీరికగా ఉన్న గోవింద్‌కు బావను మించిన కాలక్షేపం లేదు.

"బావా, మేడ మీద ఫిరంగి పెట్టిన్రట! ఎవరి మీదికి లడాయి?"

"నీ రాహువు మీదికి. లాప్‌టాప్‌ల చంద్రుని పేరు నొక్కితే ఆ దూర్బీన్ తనంతట తానే చంద్రుని దిక్కు తిరుగుతది. మంత్రం కాదు గోవిందా, గణితం తిప్పుతది."

"తిరగకపోతే?"

"వచ్చే గ్రహణానికి నీ పక్కన దర్భ పట్టుకొని కూసుంట."

"తిరిగితే?"

"గ్రహణం విడవకముందే, గల్లీ అందరి ముంగట, నువ్వు అండ్ల కన్ను పెట్టి చూడాలె."

"కబూల్," అని పందెం ఒప్పుకున్నాడు గోవింద్.

మధ్యాహ్నం విఠల్‌రావు మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన లాప్‌టాప్ తెరిచాడు. టెలిస్కోపు కింద దాన్ని తిప్పే మోటారు పీఠం ఉంది. ఆ పీఠం ఎవరి మాటా వినదు. లాప్‌టాప్ నుంచి ఒక కేబుల్ గుండా వచ్చే ఆజ్ఞను మాత్రమే వింటుంది. ఆయన చంద్రుడి పేరు నొక్కాడు. పీఠం కదలలేదు. 'జవాబు లేదు' అని తెర మీద పడింది.

ఆయన తర్కాన్ని ఆశ్రయించాడు. నిన్న రాత్రి ఇదే కేబుల్‌తో ఇదే పీఠం చక్కగా తిరిగింది. రాత్రికి రాత్రి మారినది ఒక్కటే: లాప్‌టాప్ తనను తాను అప్‌డేట్ చేసుకుంది. కనుక దోషం డ్రైవర్‌ది. అంటే లాప్‌టాప్ మాటను కేబుల్‌కు అర్థమయ్యేలా చెప్పే చిన్న ప్రోగ్రాముది. ఈ వాదంలో వేలెత్తి చూపదగిన లోపం ఒక్కటీ లేదు. అది తప్పు కావడం వేరే విషయం.

డ్రైవర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించాడు. తెర మీద కేబుల్ 'కామ్ త్రీ' అన్న పేరుతో కనిపించింది. పీఠం మాత్రం పలకలేదు. లాప్‌టాప్‌కు మరో పక్కన గుచ్చితే అదే కేబుల్ 'కామ్ ఫోర్' అయింది. ఇంకోచోట 'కామ్ ఫైవ్'. కేబుల్ ఒకటే, చోటు మారినప్పుడల్లా కొత్త సంఖ్యతో పుడుతోంది. పునర్జన్మను ఖండిస్తూ వ్యాసాలు రాసిన మనిషికి ఇది మింగుడుపడలేదు. శాలిబండ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే కొండల్‌కు ఫోన్ చేశాడు.

కొండల్ వచ్చి, కేబుల్‌ను నాడి చూసినట్టు పట్టుకొని చూశాడు. "సార్, ఇండ్ల ఉన్నది నకిలీ చిప్పు. కొత్త డ్రైవర్ దాన్ని గుర్తువట్టింది. అందుకే మాట్లాడ్త లేదు."

"మరి నిన్న మాట్లాడింది గద!"

"నిన్న దానికి తెల్వది సార్."

అసలు చిప్పున్న కేబుల్ గల్లీలో ఒక్కచోటే ఉంది. మైసయ్య డెయిరీలో పాలలో వెన్న ఎంతో చూసే యంత్రానికి అలాంటిదే తగిలించి ఉంటుంది. విఠల్‌రావు పరుగెత్తాడు.

"తీస్కపోండ్రి సారూ," అన్నాడు మైసయ్య. "గ్రహణం పూట పాలెవరు కొంటరు? ఫికర్ జెయ్యకుండ్రి."

విఠల్‌రావు బల్ల కిందికి దూరి కేబుల్ లాగాడు. కేబుల్ బల్ల కోడుకు చుట్టుకొని ఉంది. కోడు కదిలింది, బల్ల వాలింది, బల్ల మీది పాల క్యాను ఆయన నడినెత్తిన బోర్లపడింది. కేబుల్ పట్టుకున్న చేతిని మాత్రం పైకెత్తి ఉంచాడు, అది తడవలేదు.

"ఆగుండ్రి! గట్లనే ఇంట్లకస్తరా?" రంగనాయకి గుమ్మంలోనే అడ్డుపడింది. వాకిట్లో కుళాయి కింద తలమీద చెంబుల కొద్దీ నీళ్లు పోసుకున్నాక గాని లోపలికి అడుగు పెట్టనివ్వలేదు. అప్పుడే గ్రహణం పట్టే వేళ అవుతోంది. ఆమె గడియారం వైపు చూసింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

మైసయ్య కేబుల్‌కూ పీఠం జవాబివ్వలేదు. కొండల్ కుర్చీ లాక్కొని లాప్‌టాప్ ముందు స్థిరపడ్డాడు. "సార్, నేను పాత డ్రైవర్లు ఒక్కొక్కటే ఎక్కిస్త. మీరు పీఠం కాడ కూసోండ్రి. ప్రతిసారి వైరు పీకి మళ్ల గుచ్చుండ్రి. స్క్రీన్ మీద నంబర్ పైకి సదువుండ్రి. మధ్యల మాట్లాడొద్దు, లెక్క తప్పుతది."

విఠల్‌రావు పీట వేసుకొని, చంద్రుడు రావలసిన తూర్పు దిక్కుకు తిరిగి, బాసింపట్టు వేసి కూర్చున్నాడు. "కామ్ సెవన్... కామ్ సెవన్... కామ్ ఎయిట్..."

మేడ మెట్ల మీద జనం చేరారు. ఇంటికొచ్చిన మనుషులను ఉత్తచేతులతో కూర్చోబెట్టడం రంగనాయకి వంశంలో లేదు. టీ కాచింది, చక్కెర సరిపోయిందో లేదో రెండుసార్లు రుచి చూసింది. తరువాత మిరపకాయ బజ్జీలు వేసింది. ఉప్పు చూడకుండా ఎదుటివారికి పెట్టడం ఆమెకు చేతకాదు. విఠల్‌రావు మేడ మీదికి తెచ్చి సిద్ధంగా పెట్టుకున్న ఉప్మా గిన్నె కొండల్ చేతికి తగిలింది.

"సార్, ఇది తినొచ్చునా?"

విఠల్‌రావు అప్పుడు 'కామ్ లెవెన్'లో ఉన్నాడు. లెక్క తప్పకూడదు కనుక వద్దన్నట్టు తల ఊపాడు. కొండల్ దాన్ని సరేనని గ్రహించాడు. మైసయ్య ఇంకో చెంచా తీసుకున్నాడు. "దర్భ ఉంది గదక్కా, దోషం లేదు," అంటూ గోవింద్ గిన్నె అడుగు ఊడ్చాడు.

ఇఫ్తార్ సైరన్ మోగింది. పాతబస్తీ ఒక్కసారిగా ఉపవాసం విడిచింది. ఇళ్ల కప్పుల మీదుగా, ఒక పక్క నల్లబడిన చంద్రుడు ఎర్రగా పైకి వచ్చాడు. గ్రహణం ఇక ఎంతోసేపు ఉండదు.

"బావా, చేత్తోని తిప్పరాదుండ్రి? ఆడనే ఉన్నడు గద చంద్రుడు!"

"చేత్తో తిప్పితే నేను తిప్పినట్టు. గణితం తిప్పినట్టెట్లయితది?"

"అయితే దర్భ తెమ్మంటరా?"

ఆ మాటతో విఠల్‌రావు పీట మీద నుంచి లేచాడు. ఆయన ఓడిపోవడానికైనా సిద్ధమే గాని, కారణం తెలియకుండా ఓడిపోవడానికి సిద్ధంగా లేడు. కేబుల్‌ను పీఠం నుంచి ఊడబెరికి, అది దూరే రంధ్రంలోకి ఫోన్ వెలుతురు వేసి చూశాడు. లోపల సన్నగా, పచ్చగా ఏదో అడ్డుపడి ఉంది. గోళ్లతో పట్టి మెల్లగా లాగాడు. వేలెడు పొడవున దర్భ బయటికి వచ్చింది.

మేడ మీద అందరూ రంగనాయకి వైపు చూశారు.

"నోరుంది గదండీ దానికి," అన్నది ఆమె. "మీ యంత్రానికి గ్రహణ దోషం తగలొద్దని నేనే పెట్టిన."

విఠల్‌రావు దగ్గర చాలా జవాబులు ఉన్నాయి, సమయం లేదు. కేబుల్ గుచ్చాడు. మధ్యాహ్నం నుంచి పీకి గుచ్చడంలో దాని కొక్కెం విరిగిపోయింది. పట్టుకుంటే తప్ప నిలవడం లేదు. ఆయన పీఠం కింద మోకాళ్ల మీద వంగి, వేళ్ల మధ్య దర్భ అలాగే ఉండగా, రెండు చేతులా కేబుల్‌ను అదిమి పట్టుకున్నాడు. కొండల్ చంద్రుడి పేరు నొక్కాడు. పీఠం గుయ్యిమని మూలిగి, తనంతట తానే తిరిగి, చంద్రుడి మీద ఆగింది.

మేడంతా ఈలలు. గోవింద్ మాట తప్పలేదు. కళ్లద్దాలు తీసి, కన్ను పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"అక్కా, నువ్వొకసారి చూడు."

రంగనాయకి కొంగు సవరించుకొని వంగి చూసింది. "కొరికి పెట్టిన గారె లెక్కుంది," అన్నది. మళ్లీ చూసింది. "ఇంత ముద్దుగున్నదాన్ని చూడొద్దన్నది ఎవర్రా గోవిందా?"

అర్చకుడు వెనకవాళ్లకు దారి ఇచ్చాడు. మైసయ్య చూశాడు, కొండల్ చూశాడు, మెట్ల మీద వరుస కట్టిన గల్లీ అంతా చూసింది.

"నా వంతు ఎప్పుడొస్తది?" కింద నుంచి విఠల్‌రావు అడిగాడు.

"కదలొద్దు సార్! కదిల్తే ఆగిపోతది!"

చివరి మనిషి చూసి పక్కకు జరిగేసరికి చంద్రుడి మీది చివరి మరక కూడా తొలగిపోయింది. విడుపు స్నానాలకని రంగనాయకి ఎప్పుడో వేసి మరిచిపోయిన నీళ్ల మోటారు వల్ల ట్యాంకు నిండి, సరిగ్గా ఆ క్షణాన పొంగింది. ఆ నీరంతా విఠల్‌రావు నెత్తిన పడింది. ఆయన వీపు అడ్డుపెట్టి పీఠాన్ని కాపాడాడు.

"బావా, పందెం మీరే గెల్సిన్రు," అన్నాడు గోవింద్ తువ్వాలు అందిస్తూ.

"మరేమనుకున్నవ్!"

"గని ఒక్క ముచ్చట. పొద్దుగాలకెల్లి ఏమన్న తిన్నరా?"

విఠల్‌రావు ఆలోచించాడు. ఖాళీ ఉప్మా గిన్నె వైపు చూశాడు.

"నీళ్లన్న తాగిన్రా?"

"ఏడ తాగిండు?" అన్నది రంగనాయకి. "పట్టు స్నానం మైసయ్య చేయించిండు, విడుపు స్నానం ట్యాంకు చేయించింది. పీట మీద జపం. చేసుకున్నదంత నలుగురికి పెట్టిండు. గ్రహణాన్ని సుత కండ్లతోని చూడలే. మనమేమో తిన్నం, తాగినం, అందరం చూసినం."

"గింత నిష్ఠ నాతోని సుత కాలే బావా."

నమ్మకం లేకుండా చేసిన కర్మ కర్మ అవుతుందా అన్న ప్రశ్న విఠల్‌రావు ఏటేటా విద్యార్థులకు పరీక్షలో ఇచ్చేవాడు. జవాబు ఇలా తడిసి ముద్దై తన ఒంటి మీదికే వస్తుందని ఊహించలేదు. అయినా ఆయన తల వంచలేదు.

"ఇది లెక్కకు రాదు! నేను సంకల్పం చెప్పుకోలే. సంకల్పం లేనిది ఏ కర్మా కాదు, మీ శాస్త్రమే అంటది," అని చంద్రుడి వైపు చెయ్యెత్తాడు. "ఇనుండ్రి అందరు! వచ్చే గ్రహణానికి, ఇదే మేడ మీద, నేను, విఠల్‌రావును, కడుపు నిండ ఉప్మా తింట!"

తడిబట్టలతో, తూర్పుముఖంగా, వేళ్ల మధ్య దర్భతో వేళా చోటూ పేరూ చెప్పుకొని చేసిన ప్రతిజ్ఞనే సంకల్పమంటారని గోవింద్ ఆయనకు చెప్పలేదు.