పేచ్చియమ్మాళ్ పెరట్లో ప్రాచీనత

లోకంలో మిగతా భాషలన్నీ ఎప్పుడో ఒకప్పుడు పుట్టాయి. తమిళం మాత్రం అవి పుడుతుంటే పక్కన నిలబడి చూసింది. ఇది నా అభిప్రాయం కాదు, తమిళ ప్రాచీనతా పెంపుదల మండలి తన మొట్టమొదటి సమావేశంలో చేసిన మొదటి తీర్మానం. దీనికి ఆధారాలు వెతకాలన్నది రెండో తీర్మానం.

మానామదురై దాటాక వైగై ఏటి ఒడ్డున ఉన్న పొట్టల్‌పట్టి మా ఊరు. నాకు ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం ఉంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా ముత్తాతల ముత్తాతలు ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ ఇదే ఏర్పాటు. తెలుగువాణ్ణి కనుక ఊరంతా నన్ను నాయక్కరే అని పిలుస్తుంది.

మా వీధి చివర పేచ్చియమ్మాళ్ ఉంటుంది. నేను ఆత్తా అంటాను, ఇక్కడ అమ్మా అన్నట్టే. మేకలు కాచుకునే మనిషి. భర్త పోయాడు, మోకాళ్ళు పోయాయి, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. రోజూ తెల్లారగట్ల చెంబు పట్టుకుని ఊరి బయట సర్కారు తుమ్మ పొదల దాకా కుంటుకుంటూ వెళ్ళేది. పోయినేడు ఆ పొదల్లోనే జారిపడి మంచం పట్టింది. లేచాక పంచాయతీ ఆఫీసు మెట్ల మీద బైఠాయించి, ఒక్కొక్కరినీ తిట్టి, చివరికి పెరట్లో మరుగుదొడ్డి మంజూరు చేయించుకుంది.

గుంట ఛాతీ లోతుకు వచ్చేసరికి, తవ్వుతున్న సుడలై గడ్డపార దేనికో తగిలి టంగుమంది.

"ఏందిరా అది?"

"ఏదో పాత కుండ ఆత్తా. పగిలింది."

"పగలకొట్టినాక చెప్పు. బాగుంటే కోళ్ళకి నీళ్ళు పోసేదాన్ని కదరా."

సుడలై ఓ పెంకు తుడిచి చూశాడు. దాని మీద గోటితో గీసినట్టు మూడు గుర్తులున్నాయి. ఫోటో తీసి స్టేటస్ పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నానికి వీధిలో జీపులు పట్టలేదు.

ముందు జీపులోంచి మండలి అధ్యక్షులు ముత్తెళిలన్ గారు దిగారు. (కన్నవాళ్ళు పెట్టిన పేరు లక్ష్మీనారాయణన్. పదవి ఆ సంస్కృతాన్ని కడిగి ఆయన్ని శుద్ధి చేసింది.) చెప్పులు విప్పి, గుంటలో మట్టి తీసి నుదుట పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. ఫోటో సరిగా రాలేదంటే మళ్ళీ మూసుకున్నారు.

"తాయే!" అన్నారు పేచ్చియమ్మాళ్‌తో, కన్నతల్లిని పిలిచినట్టు గద్గదంగా. "నువ్వు నిలబడింది మట్టి మీద కాదు. చరిత్ర మీద!"

"నిలబడ్డం సరే తంబీ, కూర్చోవడం ఎక్కడ?" అంది ఆవిడ.

ఆ ప్రశ్నను మండలి పరిశీలనకు స్వీకరించింది. సాయంత్రానికల్లా గుంట చుట్టూ తాళ్ళు కట్టారు. పెరడు రక్షిత ప్రదేశమైంది. అందులో ఎవరూ తవ్వరాదు, ఉమ్మరాదు, ప్రాచీనతను కించపరిచే ఏ ప్రకృతి కార్యమూ చేయరాదు. మేకల ప్రస్తావన నిబంధనల్లో లేదు గనుక అవి యథాప్రకారం చేసుకున్నాయి.

పెంకు చదవడానికి మదురై నుంచి డాక్టర్ యాళిని వచ్చింది. చిన్న వయసే, పాత లిపుల్లో గట్టి మనిషి. పెంకును వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, మొహమంతా నవ్వు చేసుకుంది.

"ఆదన్ అని ఉంది సార్."

"సార్ కాదమ్మా, అయ్యా."

"ఆదన్ అని ఉందయ్యా. మనిషి పేరు. కుండ ఎవరూ ఎత్తుకుపోకుండా పేరు గీసుకున్నాడు. రాజూ కాదు, పండితుడూ కాదు, మామూలు ఇంటాయన! మామూలు ఇళ్ళల్లో కూడా రాయడం వచ్చన్నమాట. ఎంత గొప్ప సంగతి!"

"అది సరే. వయసు?"

"పరీక్షకి పంపాలి. రెండు వేల రెండొందలేళ్ళు ఉండొచ్చు."

ముత్తెళిలన్ గారి మొహం వాడిపోయింది. "నీది ఏ ఊరమ్మా?"

"తిరునెల్వేలి అయ్యా."

"తిరునెల్వేలి అమ్మాయివై ఉండి రెండు వేలతో సరిపెడతావా?"

మొదటి ఫ్లెక్సీకి ఆర్డరు ఆ సాయంత్రమే పాలక పార్టీ నుంచి నాకు వచ్చింది: మూడు వేల ఏళ్ళ నాగరికతకు స్వాగతం. బస్టాండులో కట్టిన మర్నాడే ఎదుటి పార్టీవాళ్ళు నాలుగు వేలతో వచ్చారు. తమిళాన్ని వెయ్యేళ్ళు తక్కువ చేసి చూపిన ద్రోహులెవరని కింద అడిగారు. (అడిగింది వాళ్ళు, అడిగించుకుంది వీళ్ళు, అచ్చువేసింది నేనే.) గొడవలు ముదరకుండా మండలి ఓ నియమం తెచ్చింది: "త్రవ్వక స్థలమున ప్రసంగించు వక్త, తనకు ముందు మాట్లాడినవారు చెప్పిన వయస్సుకు తగ్గకుండా చెప్పవలెను." ఆ నియమంతో శాంతి నెలకొంది. పెంకు వయసు మాత్రం ఉపన్యాసానికో వెయ్యేళ్ళు పెరిగింది. నలుగురు వక్తలున్న రోజున పొద్దున పలహారానికీ సాయంత్రం కాఫీకీ మధ్య ఓ మంచుయుగం దాటిపోయేది.

అప్పుడు మండలి సభ్యుడొకాయన లేచి, ఆదన్ అంటే ఆదామే కదా అన్నాడు. తరవాత చప్పట్లు ఆగలేదు. తొలి మానవుడిది పొట్టల్‌పట్టి అని ఏకగ్రీవంగా తీర్మానించారు. మరి హవ్వ సంగతేమిటని యాళిని అడిగింది. ఆ పిల్ల మాటలో వెక్కిరింపు ఉందని నాకు అర్థమైంది, మండలికి అర్థం కాలేదు. మా వైపు సొంత ఊరి పిల్లను చేసుకునే ఆచారం లేదు కనుక హవ్వది పక్క ఊరు అయ్యుండాలని వాళ్ళు నిర్ధారించారు. పక్క ఊరివాళ్ళు ఆ వారమే తవ్వడం మొదలుపెట్టారు.

ముత్తెళిలన్ గారు నన్ను కూడా వదల్లేదు. "నాయక్కరే, మీ తెలుగు మా తమిళానికి మనవరాలు. తెలుసా?"

"అయితే తాతగారి ఆస్తిలో వాటా ఉంటుందా అయ్యా?"

"ఆశీస్సులుంటాయి."

(ఈ ముచ్చటంతా విజయవాడలో ఉన్న మా మేనబావకు ఫోన్లో చెప్పాను. ఓపికగా విని, "మరి మనదెన్ని వేలు?" అన్నాడు.)

ఇంత సంబరంలోనూ పేచ్చియమ్మాళ్ నడక తప్పలేదు. పైగా ఇప్పుడు తుమ్మపొదల దారిలో సందర్శకుల బస్సులు. ఓ పొద్దున బస్సులోంచి ఎవరో, ఆదిమ తమిళ స్త్రీ అంటూ ఆవిణ్ణి ఫోటో తీశారు. చేతిలో చెంబు ఉంది. ఆవిడ ఆ చెంబు విసిరింది. తరవాత నా దుకాణానికి వచ్చి బల్ల మీద కూలబడింది. ఎప్పుడూ తిట్టే మనిషి, ఆ రోజు తిట్టలేదు.

"చచ్చినోడి కుండకి పైన పందిరేసినారు నాయక్కరే," అంది, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ. "బతికున్నదాన్ని, నాకు నాలుగు గోడలు లేవు."

ఆ మాట నేను ముత్తెళిలన్ గారికి చేరవేశాను. ఆయన కదిలిపోయారు. ప్రముఖుల కోసం పెరటి గోడ అవతల మరుగుదొడ్లు కట్టించారు. లోపల పాలరాయి, బయటి గేటుకు తాళం. తలుపుల మీద బొమ్మలు పెడితే పరాయి సంస్కృతి అవుతుందనీ, ఇప్పటి లిపిలో రాస్తే స్థలానికున్న గంభీరత పోతుందనీ, ఆడ, మగ అన్న మాటల్ని ఏదో పుస్తకం చూసి పెంకు మీది లిపిలోనే చెక్కించారు.

ప్రారంభోత్సవం రోజున ఎండ మండిపోతోంది. ప్రముఖులు బారులు తీరి మజ్జిగ తాగారు, కొబ్బరి నీళ్ళు తాగారు, తమిళ మాత వందనం మీద ఉపన్యాసాలు విన్నారు. ఆ తరవాత అందరూ తలుపుల దగ్గరికి చేరి ఆగిపోయారు. ఆ అక్షరాలు చదవగలిగిన యాళినిని వయసు తగ్గించినందుకు పిలవలేదు. ముత్తెళిలన్ గారు జాతి గౌరవాన్ని భుజాన వేసుకుని ఎడమ తలుపు తోశారు. లోపలినుంచి ఓ న్యాయమూర్తి భార్య కేక వినబడింది. ఆవిడా గుడ్డిగానే దూరిందని తేలాక, కుడి తలుపు తోద్దామంటే ఎవరికీ ధైర్యం చాలలేదు.

అప్పుడు పేచ్చియమ్మాళ్ గోడ పక్కనుంచి వచ్చింది.

"ఇటు ఆడోళ్ళు, అటు మగోళ్ళు. జరగండయ్యా."

"తాయే! నీకు ప్రాచీన లిపి వచ్చా?"

"లిపీ లేదు, గిపీ లేదు. గోడ దూకి రెండింట్లోకీ పోయొచ్చినా, మగోళ్ళ దాంట్లో గోడకి గిన్నెలున్నాయి. మోకాళ్ళతో ఎట్టా దూకినావని అడక్కండి, అవసరం."

ఆ పూటంతా ఆవిడే తలుపుల దగ్గర నిలబడి పెద్దమనుషుల్ని విడదీసి పంపింది. తాళంచెవి ఆవిడ నడుముకు చేరింది. మళ్ళీ ఎవరడిగినా ఇవ్వలేదు. మండలికీ వేరే దారి లేకపోయింది. మర్నాడు ఆవిణ్ణి ప్రాచీన ద్వారపాలకురాలిగా నియమించారు. ఆ తెల్లారి ఆవిడ తుమ్మపొదల వైపు వెళ్ళలేదు. పాలరాతి గదిలో ఎంతసేపు కూర్చుందంటే, గుమాస్తా వచ్చి తలుపు తట్టాల్సొచ్చింది.

నియామకం కాగితం మీద సంతకం కావాలని, ముత్తెళిలన్ గారి ఎదుట గుమాస్తా పెన్ను చాపాడు. పేచ్చియమ్మాళ్ ఎడమ బొటనవేలు చాపింది. సిరా పెట్టె మీద అద్ది, కాగితం మీద ఒత్తి, ఆ నీలి మచ్చను కాసేపు చూసింది.

"తంబీ, ఆ కాలంలో మాలాంటోళ్ళు కూడా కుండ మీద పేరు రాసుకున్నారని ఆ పిల్ల చెప్పిందే. మరి అది మాకు ఎప్పుడు పోయింది?"

ముత్తెళిలన్ గారు నొచ్చుకోలేదు. ఎంతో ఓర్పుగా వివరించారు: ఎప్పుడు మొదలైందో కనిపెట్టడం వరకే మండలి పని, ఎప్పుడు పోయిందన్నది వేరే శాఖ కిందికి వస్తుంది.

ఆ శాఖ ఇంకా ఏర్పాటు కాలేదు.