తుఫాను వచ్చిందనుకోండి

పంచాయతీ కార్యదర్శి హెబ్రోను ఆ ఉదయం చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాడు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది అతనొక్కడే. ఆ ఉద్యోగం పర్మినెంటు కావాలంటే, పదింటికి మండలాధికారి ప్రసాద్ గారు వచ్చేసరికి పోలయ్యపాళెం జనమంతా తుఫాను షెల్టరులో కనిపించాలి. ఉత్తుత్తి తుఫానే, కసరత్తు. నిజం తుఫాన్లకు ఆ ఊళ్ళో ఇంత ఏర్పాటు ఎప్పుడూ జరగలేదు.

"'తుఫాను వచ్చిందనుకోండి, అందరూ షెల్టరుకు రండి' అని మైకులో చెప్పు" అని ఆటో చెంచయ్యను పంపి, తను షెల్టరుకొచ్చే జనానికి ఉప్మా పని చూసుకున్నాడు.

ఉప్మా సగం ఉడికేసరికి వీధంతా గోల. చేపలమ్మే పిచ్చమ్మ స్టవ్వునీ, మేకల్నీ ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తోంది.

"ఏం చెప్పావు చెంచయ్యా?"

"తుఫాను వచ్చిందని చెప్పినానన్నా. 'అనుకోండి' అంటే గవర్నమెంటుకే నమ్మకం లేనట్టుండాది. మర్యాదగా ఉండదని తీసేసినా."

హెబ్రోను పిచ్చమ్మ దగ్గరికి పరుగెత్తాడు. "అక్కా, నిజం కాదు! ఊరికే అనుకోవాలంతే. ఎండ చూడు ఎట్లా కాస్తోందో!"

"తుఫానుకు ముందర ఇట్నే కాస్తాది సామీ."

"పోనీ షెల్టరుకన్నా రా!"

"వానొస్తే అది కారతాది. మా చెల్లెలిల్లు కారదు."

ఇక లాభం లేదని హెబ్రోను మైకు లాక్కున్నాడు. "తుఫాను లేదు! ఎవ్వరూ భయపడొద్దు!"

అంతవరకూ తటపటాయిస్తున్న ఇళ్ళక్కూడా టపటపా తాళాలు పడ్డాయి.

"పోయినసారి గూడా భయపడొద్దనే చెప్పినారు, ఆ పొద్దే నా ఇల్లు లేచిపోయింది!" కదులుతున్న ఆటోలోంచి పిచ్చమ్మ అరిచింది. "నువ్వూ ఎక్కు అబ్బయ్యా, చదువుకున్నోడివి!"

పదింటికి ప్రసాద్ గారు ఫోటోగ్రాఫరుతో, స్ట్రెచరుతో దిగారు. షెల్టరులో ఉన్నది హెబ్రోను, చెంచయ్య, చల్లారిన ఉప్మా.

"జనమేరి?"

"తుఫానని వెళ్ళిపోయారు సార్. ముసలీ ముతకా, మేకలతో సహా."

"మనం ఖాళీ చేయించకముందే ఎట్లా ఖాళీ చేస్తారయ్యా? ఇప్పుడు ఫోటోకి నేనెవర్ని కాపాడాలి?"

ఆయన చూపు హెబ్రోను మీద నిలిచింది. ఇస్త్రీ చొక్కా మీద బిందెడు నీళ్ళు గుమ్మరించి, స్ట్రెచరుపై పడుకోబెట్టి, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశారు.

ఆ తర్వాత ప్రసాద్ గారు పైవాళ్ళకు ఫోను చేశారు. "సార్, ఊరంతా గంటలో ఖాళీ చేయించాను. ఒక్కడు మాత్రం ఎంత చెప్పినా కదల్లేదు, మోసుకురావాల్సొచ్చింది."

ప్రసాద్ గారికి ప్రశంసాపత్రం వచ్చింది. విపత్తులపై అవగాహన లేనందున హెబ్రోను ఉద్యోగం మాత్రం ఇంకా పర్మినెంటు కాలేదు.