ఒక్క గుక్కేగా

ఆ ఉదయం చేయాల్సిన పని చాలా చిన్నది. ఏడేళ్ల పిల్లను ఖాళీ కడుపుతో పదింటికల్లా ఆసుపత్రికి చేర్చాలి, అంతే. టాన్సిల్స్ వాచి, ముక్కు వెనక కండ పెరిగి, నిద్రలో దానికి ఊపిరి ఆగిపోతోంది. కాసేపు గురక, కాసేపు ఏ చప్పుడూ ఉండదు, ఆపైన ఉలిక్కిపడి గాలి మింగుతుంది. పగలు బడిలో బల్ల మీద తల వాల్చేస్తే, పిల్లకు బద్ధకమని టీచరమ్మ డైరీలో రాసింది. ఆపరేషన్ తేదీ కోసం తల్లి ఐదు నెలలు చెప్పులరిగేలా తిరిగింది.

"గురక మా వంశంలోనే ఉంది. హాయిగా నిద్రపోతోందని అర్థం," అని తండ్రి ఆ ఐదు నెలలూ అంటూనే ఉన్నాడు. వింటే ఆమెకు ఒళ్లు మండేది.

మంచినీళ్లు కూడా ఇవ్వొద్దని అత్తగారికి, మరిదికి, మొగుడికి విడివిడిగా చెప్పింది. ముగ్గురూ బుద్ధిగా తలూపారు. తలూపడంలో ఆ ఇంటికి సాటి లేదు. ఆమె నమ్మి స్నానానికి వెళ్లింది.

ఆసుపత్రిలో నర్సు అడిగితే ఏమీ పెట్టలేదని అందరూ ఒకే మాట మీద నిలబడ్డారు. ఆరితేరిన మనిషి కాబోలు, వంగి పిల్లనే అడిగింది.

"నానమ్మ పాలిచ్చింది, అమ్మకి చెప్పొద్దంది. బాబాయి అరటిపండు పెట్టాడు. నాన్న బిస్కెట్లు."

ఒక్క గుక్కేగా అని అత్తగారు, సగం పండేగా అని మరిది గొణిగారు. తండ్రి అప్పటికే బెంచీ మీద కునుకు తీస్తున్నాడు. పసిదాని ప్రాణంతో ఆటలేమిటని తల్లి అందరినీ అక్కడే కడిగిపారేసింది.

"అమ్మ కూడా పెట్టింది. ఏడవనంటే చెంచాడు తేనె," అంది పిల్ల.

తెల్లవారుజామున ఆ తేనె తల్లికి తిండిలా తోచలేదు.

మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదమని మత్తు డాక్టరు ఫైలు మూసేశాడు. మళ్లీ తేదీ నాలుగు నెలల తర్వాతే. ఇంకో నాలుగు నెలలు పక్కన కూర్చుని దాని ఊపిరి కనిపెట్టుకుని ఉండాలి. ఆమెకు ఏడుపు ఆగలేదు.

అంతలో బెంచీ మీది గురక టక్కున ఆగింది. వెళ్లబోతున్న డాక్టరు నిలబడి చేతి గడియారం చూశాడు. తండ్రి ఉలిక్కిపడి గాలి మింగాక, డాక్టరు తల్లి వైపు తిరిగాడు.

"ఈయనకీ అదే జబ్బులా ఉందమ్మా. పెద్దవాళ్ల విభాగం ఖాళీగానే ఉంది, రేపే నిద్ర పరీక్షకి తీసుకురండి."

ఆ పరీక్షకు కడుపునిండా తినే రావచ్చట.